అక్క బాగుపడిన రోజులు

మార్చి 3, సోమవారం

ఈ ఉదయం అక్క చెప్పులు గుమ్మం దగ్గర జతగా ఉన్నాయి. కడిగి, ఆరబెట్టి, ముందు కొసలు వీధివైపు తిప్పి పెట్టి ఉన్నాయి.

వానాకాలం నుంచి ఆ చెప్పులు మంచం కింద చెరో దిక్కుగా పడి ఉండేవి. ఊడ్చేటప్పుడు నేనే వాటిని పక్కకు నెట్టి, ఊడ్చాక మళ్ళీ అక్కడికే నెట్టేదాన్ని.

వంటగదిలో అక్క టీ కాస్తోంది. తలంటుకుంది. జుట్టు విరబోసుకుని ఉంది. "ఏమే పుస్తకాల పురుగూ, లేచావా? చక్కెర ఒక చెంచానా, రెండా?" అంది.

నేను టీలో చక్కెర వేసుకోను. ఎప్పుడూ వేసుకోలేదు. అక్కకు తెలుసు. అయినా "ఒకటి" అన్నాను. గ్లాసు అడుగు కనపడేదాకా తాగాను.

అమ్మ గుమ్మంలో నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంతోషంతోనే.

అక్క బాగుపడింది. రాసి చూసుకోవాలనిపించింది. అక్క బాగుపడింది.

మార్చి 4

చెప్పులు అలాగే ఉన్నాయి. వీధివైపు.

మార్చి 5, బుధవారం

అక్క ఇల్లంతా కడిగింది. కిటికీ ఊచలు ఒక్కొక్కటీ తుడిచింది. పని చేస్తూ పాడుతోంది. పాట బాగానే ఉంది కానీ ఒకే చరణం. రెండో చరణం దగ్గరకు వచ్చి ఆగి, మళ్ళీ మొదటికి వెళ్తోంది.

తను స్నానానికి వెళ్ళినప్పుడు అమ్మ రోజూలాగే తలుపు దగ్గర నిలబడి "ఉన్నావా?" అంది. మా ఇంట్లో ఎవరు ఏ తలుపు వెనక ఉన్నా అమ్మ అలా అడుగుతుంది. "ఉన్నా" అనేదాకా కదలదు. ఇన్ని నెలలూ అక్క నుంచి మూలుగు తప్ప జవాబు ఉండేది కాదు. ఈ రోజు నవ్వుతూ అంది: "ఉన్నానమ్మా! ఎక్కడికి పోతాను?"

అమ్మ ముఖం వెలిగిపోయింది.

బడి వాళ్ళు ఫోన్ చేశారు. అక్క చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది. "నడుం నొప్పి తగ్గిందండీ, వచ్చే నెల నుంచి వస్తుంది" అని అమ్మ చెప్పింది. ఇప్పుడు అక్కకు నడుం, అప్పుడు నాన్నకు గుండె. మా ఇంట్లో జబ్బులన్నీ మెడ కింద నుంచే మొదలవుతాయి.

సాయంత్రం అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు అడిగాను. "అమ్మా, నేను అక్కతో ఒకసారి మాట్లాడనా? లోపల ఏమైనా..."

"ఏమైనా అంటే?"

నేను ఆ మాట అనలేదు.

"అనకు" అంది అమ్మ. "మనసులో కూడా అనుకోకు. లేనిదాన్ని నువ్వు పుట్టిస్తావా? లక్షణంగా తిరుగుతోంది పిల్ల. కొరివితో తల గోక్కోకు."

మార్చి 6, గురువారం

నేను పనిచేసే ప్రెస్సుకు ఒక డాక్టరమ్మ రాసిన పుస్తకం వచ్చింది. చిన్నదే. మనసుకు వచ్చే జబ్బుల గురించి జనం అనుకునేవి ఒక పెట్టెలో, అసలు సంగతి ఇంకో పెట్టెలో. ఎడమ పెట్టె మీద 'అపోహ', కుడి పెట్టె మీద 'నిజం' అని రావాలి. ఊరికే పంచిపెడతారట.

రాతప్రతిని విరామ గుర్తులతో సహా పైకి చదవడం కామా గారి పని, ప్రూఫు మీద తప్పులు పట్టడం నా పని. ఆయన మాటల్లో కామాలే తప్ప ఫుల్‌స్టాప్ ఉండదని ప్రెస్సులో అందరూ ఆయన్ను అలాగే పిలుస్తారు. ఆయనకూ ఆ పేరే నచ్చింది.

"'మనసు జబ్బు ఉన్నవాళ్ళు ప్రమాదకరమైనవాళ్ళు, ఫుల్‌స్టాప్.' మరి కాదా అమ్మడూ? మా వీధిలో ఒకాయన ఉండేవాడు, గోడతో మాట్లాడేవాడు, గోడ ఏమీ అనేది కాదనుకో, అయినా మేం ఆ వైపు వెళ్ళేవాళ్ళం కాదు."

"ఆయన ఎవరినైనా కొట్టారా?"

కామా గారు కళ్ళజోడు తీసి ఆలోచించారు. "లేదు, మేమే రాళ్ళు వేసేవాళ్ళం" అన్నారు.

నేను ప్రూఫు రెండు సార్లు చూస్తాను. మొదట చివరి మాట నుంచి మొదటి మాటకు, వెనక్కి. కాన్వెంటులో మదర్ నేర్పిన విద్య ఇది. "తెలిసిన వాక్యాన్ని కన్ను చదవదు, ఊహించుకుంటుంది. వెనక నుంచి రా, అప్పుడు పట్టుబడుతుంది" అనేవారు. అలా చదివితే వాక్యం ఏం చెబుతోందో తెలియదు. ఒత్తులు, దీర్ఘాలు మాత్రం తప్పించుకోలేవు. తర్వాత అర్థం కోసం ముందు నుంచి ఒకసారి. నేను సంతకం పెట్టి అచ్చుకు పంపిన ఫారంలో ఇంతవరకు తప్పు దొర్లలేదు.

మార్చి 7

అక్క తన నిఘంటువు నాకు ఇచ్చేసింది. కాన్వెంటులో బహుమతిగా వచ్చింది. చిన్నప్పుడు ముట్టుకోనిచ్చేది కాదు. మొదటి పేజీలో తన పేరును తెల్ల కాగితం అంటించి కప్పేసింది. కాగితం అంచులు చాలా శుభ్రంగా కత్తిరించింది.

మార్చి 9, ఆదివారం

పిన్ని వచ్చింది. అక్కను ఎగాదిగా చూసి బుగ్గలు నొక్కింది.

"చూశావా, నేను చెప్పలా? మనసుకి జబ్బేమిటే, జలుబా జ్వరమా? లేచి నాలుగు పనులు చేసుకుంటే అదే పోతుందని మొత్తుకున్నాను. మీ అమ్మ వింటేగా."

"నువ్వు చెప్పిందే నిజం పిన్నీ" అంది అక్క.

"ఆ మాత్రల జోలికి పోకపోవడమే మంచిదైంది. ఒకసారి పట్టుకుంటే వదలవుట. ఇంకో ఆరు నెలల్లో పెళ్ళి చేసేస్తే మొత్తం సర్దుకుంటుంది."

"ఎవరికి సర్దుకుంటుంది పిన్నీ, నాకా, ఆయనకా?"

అందరం నవ్వాం. అక్క ఇలా జోకు వేసి ఎన్నాళ్ళయిందో. నేను కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వాను. నవ్వు ఆపి చూస్తే, అందరి ముఖాలనూ అక్క ఒక్కొక్కటిగా చూస్తోంది. పరీక్షకు ముందు పిల్లలు పేజీని చూసినట్టు.

వచ్చే ఆదివారం పొద్దున్నే వచ్చి చీకటి పడేదాకా ఉండాలని పిన్ని పిలిచింది.

"అమ్మా, చెల్లీ వస్తారు" అంది అక్క. "నాకు ఇంట్లో కొంచెం పనుంది."

"ఒక్కదానివీ ఇంట్లో ఏం చేస్తావే?"

"సర్దుకోవాలి పిన్నీ."

వెళ్ళేటప్పుడు పిన్నికి తన గొడుగు ఇచ్చింది. "వానలు వస్తే నీకొద్దూ?" అంటే "నాకింక అక్కర్లేదులే" అంది. "వానలో తడవడమంటే దీనికి చిన్నప్పటి నుంచీ సరదా" అని పిన్ని నవ్వింది. నేనూ అదే అనుకున్నాను. అక్కకు వాన ఇష్టం. నిజంగానే ఇష్టం.

మార్చి 10, సోమవారం

తలనొప్పిగా ఉండి మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. గదిలో బట్టలు మార్చుకుంటుంటే తలుపు దానంతట అదే మెల్లగా తెరుచుకుంది. పాత ఇల్లు, గాలి ఎక్కువ. మూసిన తలుపులు నిలవవు. రద్దయిన ప్రూఫుల కట్ట ఒకటి తలుపుకు అడ్డం పెట్టుకుంటాను. ఈ రోజు మర్చిపోయాను.

తలుపు అవతల అక్క నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో.

"ఏంటక్కా?"

"ఏం లేదే. చూస్తున్నా."

"ఏం చూస్తున్నావు?"

"నిన్నే."

చిరునవ్వు నవ్వింది. ఎండ తన వెనక నుంచి పడుతోంది, ముఖం సరిగ్గా కనపడలేదు. వెళ్ళిపోయినప్పుడు అడుగుల చప్పుడు వినపడలేదు. బాగా చిక్కిపోయింది కదా, అందుకే.

మార్చి 11, మంగళవారం

డాక్టరమ్మ పుస్తకం మీద సంతకం పెట్టాను.

పెట్టెల మీది శీర్షికలు నిన్నటిదాకా లేవు. పెద్ద రంగు అక్షరాలు కాబట్టి కంప్యూటరు దగ్గర అమ్మాయి చివర్లో పెట్టింది. కామా గారి చదువు అప్పటికే అయిపోయింది. నేను చూశాను. అపోహ: సరిగ్గా ఉంది. నిజం: సున్నా ఉంది. ప్రతి పేజీకీ అంతే.

అర్థం కోసం కూడా ఒకసారి చదివాను. నడి పేజీ దగ్గరకు వచ్చేసరికి మనసు కుదుటపడింది. అమ్మ అన్నమాటే అచ్చులో ఉంది. 'చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.' దాని కిందే ఇంకొకటి. 'ఉన్నట్టుండి హుషారుగా మారితే గండం గడిచినట్టే, ఇక కనిపెట్టుకుని ఉండనక్కర్లేదు.' రెండూ 'నిజం' అన్న పెట్టెలోనే ఉన్నాయి. డాక్టరు రాసింది.

అడగకుండా మంచి పని చేశాను.

మార్చి 12

పాట ఆగింది. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. శుభ్రంగా ఉంది.

మార్చి 13

అక్క తన అలమరా తెరిచి చూపించింది. అరలన్నీ ఖాళీ. "నీ పుస్తకాలు నేలమీద పడి ఉంటున్నాయిగా, పెట్టుకో" అంది. థాంక్స్ చెప్పాను.

మార్చి 15, శనివారం

నిన్న రాయలేదు. రాయడానికి చెయ్యి ఖాళీ లేదు. అక్క పట్టుకుని ఉంది.

నిన్న పొద్దున డాక్టరమ్మ ప్రెస్సుకు వచ్చారు. అచ్చయిన మొదటి కాపీ ఆవిడ చేతిలో ఉంది. ఎవరు చూశారు అని అడిగితే కామా గారు "నేనే, చదివింది నేను, తప్పుంటే నాదే" అని అడ్డం వచ్చారు. నేను లేచి నిలబడ్డాను.

ఆవిడకు కోపం రాలేదు. నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "అమ్మాయ్, పుస్తకం మొత్తం మీద ఒక్క అక్షరం తప్పు లేదు. ఇంత శుభ్రంగా ఎవరూ చూడరు. ఈ నడి పేజీ ఒకసారి చదువు."

చదివాను. తప్పు కనపడలేదు. వెనక నుంచి చదివాను. అప్పుడూ కనపడలేదు.

ఆవిడ రెండు పెట్టెల శీర్షికల మీదా రెండు వేళ్ళు పెట్టి, చేతులు అడ్డంగా మార్చి చూపించారు.

ఆ ఒక్క పేజీలో శీర్షికలు తారుమారయ్యాయి. నిజాలన్నీ అపోహల కింద, అపోహలన్నీ నిజాల కింద. ఆ కంప్యూటరు అమ్మాయి పొరపాటు చేసింది. నేను అర్థం కోసం చదివి సంతకం పెట్టాను.

"చదివినప్పుడు తేడాగా అనిపించలేదా?"

"లేదండీ. నిజమే అనుకున్నాను."

"పర్వాలేదు. చాలామంది అదే అనుకుంటారు. అందుకేగా పుస్తకం వేసింది." ఆవిడ లేవబోయారు.

అప్పుడు నేను మాట్లాడాను. ప్రెస్సులో అడగనిదే నేను మాట్లాడినట్టు ఎవరికీ గుర్తుండదు. "ఎవరైనా నెలల తరబడి మంచం మీద ఉండి, ఒక రోజు లేచి ఇల్లంతా కడిగి, అందరికీ తన వస్తువులు పంచిపెడితే?"

డాక్టరమ్మ మళ్ళీ కూర్చున్నారు. "ఎవరమ్మా?"

"మా అక్క."

"బాగుపడుతూ ఉండొచ్చు. హుషారుగా ఉన్న ప్రతివాళ్ళకూ భయపడనక్కర్లేదు. కానీ వస్తువులు పంచేస్తోందంటే తేలిగ్గా తీసుకోకు. అడక్కుండా నీకెలా తెలుస్తుంది?"

"అడిగితే..."

"అడిగితే పుట్టదు. ఇప్పుడే వెళ్ళు. మాట తిప్పకు, ఆ మాటే అడుగు. అడిగాక నోరు మూసుకుని విను. ఒంటరిగా వదలకు. నా నంబరు పుస్తకం వెనక ఉంది, అది తప్పు పోలేదులే."

కామా గారు నా సంచి తెచ్చి చేతికిచ్చారు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం నేను మొదటిసారి చూశాను.

ఇల్లు చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. గుమ్మం దగ్గర చెప్పులు జతగా ఉన్నాయి. వీధి తలుపు తీసే ఉంది. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. మా గది తలుపు సగం తెరుచుకుని, మూసుకుని, మళ్ళీ తెరుచుకుంటోంది. లోపల అక్క మంచం మీద కూర్చుని ఉంది. చేతుల్లో ఏమీ లేదు. ఎదురుగా గోడ. నేను వచ్చినట్టు తెలియగానే ముఖం మీదికి నవ్వు వచ్చింది. వచ్చే ముందు అక్కడ ఏముందో ఆ క్షణంలో చూశాను. ఏమీ లేదు. తుడిచిన కిటికీలాగా ఉంది.

"ఏమే, పని ఎగ్గొట్టావా?"

పక్కన కూర్చున్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "అక్కా, నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?"

తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

నవ్వు ముఖం మీద నుంచి ఒక్కసారిగా పోలేదు. ముందు కళ్ళలోంచి పోయింది. పెదాలు కొంతసేపు అలాగే ఉన్నాయి, నవ్వు అయిపోయిందని వాటికి ఎవరూ చెప్పనట్టు.

"అమ్మయ్యా" అంది అక్క.

పెద్ద బరువు ఎత్తుకుని వచ్చిన మనిషి దాన్ని దించి అన్నట్టు అంది. తర్వాత నా భుజానికి తల ఆనించింది.

"ఆదివారం అనుకున్నా" అంది చివరికి. "మీరిద్దరూ పిన్ని ఇంట్లో ఉంటారని."

"ఎప్పటి నుంచి?"

"ముహూర్తం పెట్టుకున్న రోజు నుంచి హాయిగా ఉందే. నిజంగా. టీ రుచి తెలిసింది. అందరూ సంతోషంగా ఉన్నారు. ఇంక ఇలా ఉండగానే..." ఆగింది. "నీకు చక్కెర వేశాను కదూ ఆ రోజు. నువ్వు తాగేశావు. ఏమీ అనలేదు. దీనికి కూడా తెలియలేదులే అనుకున్నా."

నేను ఏడిచాను. తను ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా, నొప్పిపుట్టేలా.

అమ్మ తడి చేతులతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. "అడిగేశావా?" అంది నాతో. కోప్పడుతుందనుకున్నాను. గుమ్మంలోనే కిందికి జారి కూర్చుంది. "అడిగావా. నేను మీ నాన్నని అడగలేదే. ఆ ఆఖరి వారం ఎంత బాగున్నారో. నన్ను బజారుకు తీసుకెళ్ళారు. అడిగితే ఎక్కడ చెడుతుందో అని..."

"అమ్మా, లే" అంది అక్క. "నేల తడిగా ఉంది."

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. సాయంత్రం ముగ్గురం వెళ్ళాం. దారి పొడవునా అక్క నా చెయ్యి వదల్లేదు. ఎవరు ఎవరిని పట్టుకున్నారో నాకు తెలియదు.

మార్చి 16, ఆదివారం

పిన్ని ఇంటికి ఎవరం వెళ్ళలేదు. రోజంతా ఇంట్లోనే. ముగ్గురం ఒకే గదిలో.

మార్చి 20

పుస్తకం మళ్ళీ అచ్చు వేశారు. కామా గారు నడి పేజీని నాకు మళ్ళీ చదివి వినిపించారు, శీర్షికలతో సహా. పాత కాపీలు కట్టలు కట్టి చింపడానికి పంపారు. ఒకటి దాచుకున్నాను.

మార్చి 24

మాత్రలకు కొన్ని వారాలు పడుతుందట. పనిచేయకపోతే వేరేవి చూస్తారట. ఇది వంతెన కాదు, మెట్లు అన్నారు డాక్టరమ్మ. కొన్ని మెట్లు విరిగి ఉంటాయట. అక్క రోజంతా పడుకునే ఉంది. పిన్ని ఫోన్ చేసి "బాగా ఉన్నదాన్ని మళ్ళీ మంచాన పడేశారు" అంది. అమ్మ ఫోన్ పెట్టేసింది. పిన్ని మాట పూర్తికాకుండా అమ్మ ఫోన్ పెట్టడం ఇదే మొదలు.

పిన్ని మాట నాలో తిరుగుతూనే ఉంది. పాట వినపడటం లేదు. ఇల్లు మాసింది. ఒక్కోసారి ఆ శుభ్రమైన రోజులే బాగున్నాయనిపిస్తుంది. రాసుకోకూడదు కానీ అనిపిస్తుంది.

మార్చి 31, సోమవారం

ఈ ఉదయం చెప్పులు ఒకటి మంచం కింద, ఒకటి కిటికీ దగ్గర ఉన్నాయి. అలాగే వదిలేశాను.

అక్క నా మీద విసుక్కుంది. నిఘంటువు తిరిగి ఇచ్చెయ్యమంది. మొదటి పేజీలో అంటించిన కాగితాన్ని గోటితో గీకింది. పూర్తిగా రాలేదు. పేరు సగం కనపడుతోంది.

బడి వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. అమ్మ "నడుం..." అని మొదలుపెట్టి ఆగింది. గోడ వైపు తిరిగి, "దానికి మనసు బాగాలేదండీ, వైద్యం చేయిస్తున్నాం, ఎప్పుడు వస్తుందో చెప్పలేను" అంది. అవతల వాళ్ళు ఏమన్నారో తెలియదు. అమ్మ చాలాసేపు విన్నది.

మధ్యాహ్నం అక్క స్నానానికి వెళ్ళింది. అమ్మ తలుపు అవతల నిలబడి "ఉన్నావా?" అంది. జవాబు రాలేదు. నేను కలం కింద పెట్టాను. అమ్మ తలుపు మీద అరచెయ్యి ఆనించింది.

"ఉన్నానే అమ్మా, ఉన్నా! సబ్బు కూడా రుద్దుకోనివ్వవా?"

కసురుకున్న గొంతు. నవ్వు లేదు అందులో.

అమ్మ చెయ్యి తీస్తే తలుపు కొంచెం తెరుచుకుంది. దగ్గరగా వేసి వచ్చింది. మా ఇంట్లో ఏ తలుపుకూ లోపలి గడియ లేదు. నాన్న చనిపోయిన వారంలోనే అమ్మ వడ్రంగిని పిలిచి అన్నీ తీయించింది.